తొమ్మిది బారల లోతున నీ బోటు

అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు వెళ్లి పద్నాలుగు నెలలైంది. ఇన్నాళ్లకి నీకు చెప్పదగ్గ మాట దొరికింది.

నువ్వు తాగి బోటుని ఇసుక మేట మీదికి ఎక్కించి ముంచావని యజమాని ఊరంతా చెప్పాడు. నీతో పోయిన ఇద్దరి ఇళ్లవాళ్లూ నమ్మేశారు. వదిన ఎదురొస్తే మొహం తిప్పుకున్నారు... బోటు నడిపే సరంగు పెళ్లాం అయినందుకు ఆవిడకా శిక్ష?

మొన్న బందరు రేవు దారిలో లోతులు చూడ్డానికి సర్వే బోటు వచ్చింది. బెజవాడ బ్యారేజీ గేట్ల దగ్గర మునిగే పని చేస్తున్నాను కదా, నన్నూ పిలిచారు. అందులో ఓ మిషను ఉంది. నీళ్లలోకి చప్పుడు పంపి, అది నేలకు తగిలి తిరిగొస్తే కాగితం మీద గీత గీస్తుంది. ఆ గీతే సముద్రం అడుగు. నువ్వు చూసుంటే దాన్ని వదిలేవాడివి కాదు.

మూడో రోజు గీత ఉన్నట్టుండి లేచి దిగింది. ఆపరేటరు గారు చేపల గుంపన్నారు. చేపలైతే మచ్చ నేలకు అంటకుండా పైన పడుతుంది, ఇది అంటుకునే ఉంది. బతిమాలి అడ్డంగా, నిలువుగా నాలుగుసార్లు బోటు తిప్పించాను. నాలుగుసార్లూ అక్కడే లేచింది. గాలి గొట్టం నోట కరుచుకుని దిగాను.

నీ బోటే అన్నయ్యా! తొమ్మిది బారల లోతులో నిటారుగా కూర్చుంది. ఇసుక మేట అక్కడికి మైలు దూరం. నిన్ను వెతికాను... చేతికి బురదే తగిలింది. గొట్టం కరుచుకునే ఏడ్చాను.

ముందు భాగంలో ఒక రేకు ఊడి వేలాడుతోంది. దాని వెనక పలక కుళ్లి, చెయ్యి పట్టేంత కన్నం. "రేకు కొడితే నీళ్లాగవండీ, పలక మార్చండీ" అని నా ఎదురుగానే యజమానికి రెండుసార్లు చెప్పావు. గుర్తుందా?

ఆ రేకు పీక్కొచ్చి గవర్నర్‌పేటలో ఆయన ఆఫీసుకెళ్లి చూపించాను. సాయంత్రానికి కబురు పంపాడు... మాట బయటికి పొక్కకపోతే కొత్త బోటుకి నేనే సరంగునట. నా అన్న పేరు అమ్ముకుని చుక్కాని పట్టాలా? మర్నాడే ఆ రేకుతో నీతో పోయిన ఇద్దరి ఇళ్లకీ వెళ్లాను. వాళ్లు వచ్చి వదిన పక్కన కూర్చున్నారు.

ఇప్పుడాయన అది వేరే బోటు రేకంటున్నాడు. అననీ. ఆ చోటు నాకు తెలుసు. మళ్లీ దిగుతాను. ఈసారి బోటు పేరు రాసిన పలకే కోసుకొస్తాను.

నీ తమ్ముడు,
ఏసుబాబు