మూడో పాటలో మాటలు

మే 11, 2003

ఆదివారం. పురుగుమందుల కొట్టు మూసేశాం కాబట్టి ప్రాక్టీసు. జిన్నింగు మిల్లు గోడౌన్ ఖాళీ— సీజను అయిపోయింది, పత్తి బేళ్ళన్నీ వెళ్ళిపోయాయి. మస్తాన్ డ్రమ్ము కొట్టినప్పుడల్లా పైరేకుల మీంచి దూది రాలుతుంది. బయటికొచ్చేసరికి ముగ్గురం ముసలాళ్ళలా తెల్లబడిపోయాం. "పెళ్ళి బ్యాండులో కూడా ఇంత స్పీడుగా కొట్టావనుకో, పెళ్ళికొడుకు కారు దిగి పారిపోతాడు" అన్నాడు ప్రేమ్. వాడు బేస్ గిటారు. చర్చిలో వాయించే బేసే. గిటారు నాది, అరుపుల పాటా నాదే.

ఏడు పాటలు చేతిలో ఉన్నాయి. ఇంకొక్కటి వస్తే ఆల్బమ్.

మే 14

పొద్దుటి నుంచీ డబ్బాలు సర్దడమే. ఈ వాసన ఎన్ని సబ్బులు అరగదీసినా చేతులు వదలదు. దీంతోనే అన్నం తింటున్నాను, ఇంటరయినప్పటి నుంచీ.

కౌంటర్లో మావయ్య, కొట్టు నిండా రైతులు. "నా తర్వాత ఈ కొట్టు మా మేనల్లుడిదే" అన్నాడు. అందరూ నావైపు తిరిగి చూశారు, ఎంత అదృష్టవంతుడో అన్నట్టు. నవ్వాను. ఏం చెయ్యను?

మే 15

గొంతు మంట. మిరియాల పాలు.

మే 19

వచ్చింది. ఎనిమిదో పాట, నాన్న మీద. జన్మలో రాయకూడదనుకున్నదే రాశాను.

ఆ ఏడాది పత్తి వేశాం. కాయ కాయలో పచ్చపురుగు. మావయ్య కొట్లో తెచ్చిన మందే, మళ్ళీ మళ్ళీ కొట్టాం. పురుగు చావదే! ఆఖరికి అడుగున మిగిలిన మందు నాన్న తాగాడు.

"పురుగు బతికింది — మనిషి పోయాడు
అమ్మిన చేతులే పాడె మోశాయి"

అంతే పల్లవి. రాసింది మావయ్య పక్క స్టూలు మీద కూర్చునే.

మే 25

వాళ్ళకి వినిపించాను. మస్తాన్ కర్రలు కింద పెట్టేశాడు. ప్రేమ్ మాత్రం— "ఆల్బమంటే ఇదేరా. మిగతావి దీనికి తోడు." మూడో పాటగా పెడదామన్నాడు. ఆల్బమ్ పేరు కూడా 'పచ్చపురుగు' అన్నాడు.

వద్దనలేదు. సరే అని కూడా అనలేదు.

మే 26

మావయ్య చెడ్డవాడైతే ఎంత బాగుండేది.

ఆ రోజు హైవే మీద లారీకి అడ్డంపడి ఆపింది ఆయన. గుంటూరు ఆసుపత్రి దాకా నాన్న తల ఆయన ఒళ్ళోనే ఉంది. తర్వాత అమ్మనీ నన్నూ చెల్లినీ తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. చెల్లిని నర్సింగు చదివిస్తున్నాడు. పెట్టిన ముద్ద గురించి ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. ఆ మందు గురించీ ఒక్కనాడూ ఎత్తలేదు. మేమూ అడగలేదు. అది కల్తీదని ఆయనకి తెలుసా... తెలియకే అమ్మాడా...

రోజూ పక్కపక్కనే కూర్చుని తింటాం. నాకు మాగాయ ఇష్టమని జాడీ నావైపు జరుపుతాడు.

జూన్ 8

గుంటూరు. స్టూడియో. ఎక్కువగా భజన పాటలూ ఎలక్షన్ పాటలూ చేసే చోటు. సౌండాయన మంచివాడే పాపం. గిటారు డిస్టార్షన్ గరగర వినగానే కంగారుగా వైర్లన్నీ పీకి చూశాడు— "ఎక్కడో లూజుందండీ." లూజు కాదండీ, అది అంతే, అన్నాను. నేను గొంతు చించుకుని పాట ఎత్తుకోగానే మళ్ళీ ఆపాడు. "ఒంట్లో బాలేదా బాబూ? రేపు చేసుకుందామా?" మస్తాన్ నవ్వు ఆపుకోలేక డ్రమ్ముల వెనక పడిపోయాడు.

ఎన్నాళ్ళకో నవ్వాను.

జూన్ 9

మూడో పాట. ఒకే టేకు. చివర్లో ఏం జరిగిందో గుర్తులేదు. బయటికొచ్చి ఉమ్మితే ఎర్రగా పడింది. సౌండాయన ఈసారి ఏమీ అడగలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

జూన్ 17

ప్రేమ్‌కి చెప్పేశా. ఆ పాట తీసేద్దాం రా, అమ్మకి నిలవనీడ ఉండదు, చెల్లి చదువు ఆగిపోతుంది, అని. వాడు అరవలేదు. "నీ పాట నీ ఇష్టం. కానీ నువ్వు ఎక్కడైనా నిజం మాట్లాడతావంటే ఆ గోడౌన్లోనేరా. అక్కడ కూడా మానేస్తావా?"

రికార్డు చేసిన మాస్టరు టేపు వాడి దగ్గరే ఉంది. హైదరాబాదు తీసుకెళ్ళి క్యాసెట్లు వేయించుకొస్తాడు.

జూన్ 20

ప్రేమ్ వెళ్ళే రోజు. ఆ పాట తీసెయ్యమని ఫోన్ చేద్దామని ఎస్‌టీడీ బూత్ దాకా పోయాను. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. వాళ్ళు బయటికొచ్చారు. నేను లోపలికెళ్ళలేదు, తిరిగొచ్చి కొట్లో కూర్చున్నాను.

ఆగస్టు 30

క్యాసెట్లు వచ్చాయి. అట్ట మీద ఆకుపచ్చ బొమ్మ. మా మొదటి ఆల్బమ్. చేతిలో పట్టుకుంటే సంతోషం రావాలి కదా.

కొట్టు కిటకిటలాడుతోంది, మందులు కొట్టే రోజులు. మావయ్య క్యాసెట్ లాక్కుని టేప్‌రికార్డర్లో పెట్టాడు. "వినండయ్యా, మావాడు పాడాడు!" ఎంత గర్వమో ఆ మొహంలో. ఆపమని అనలేకపోయాను. ఒకటి. రెండు. మూడు. రైతులు పొట్టలు పట్టుకుని నవ్వారు— "ఏందిరా అబ్బాయా, గేదె ఈనుతున్నట్టు!" మావయ్యా నవ్వాడు. ఒక్క మాటా ఎవరికీ అర్థం కాలేదు. ఒక్కటీ!

బతికిపోయాను అనుకున్నాను. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడిపోయాను. అంత రక్తం కక్కి పాడితే... గేదె.

ఆగస్టు 31

అమ్మ. రాత్రి మావయ్య ఇంట్లో క్యాసెట్ పెడితే విందట. ఆయన బయటికెళ్ళాక మేడ మీదికి వచ్చింది.

"మూడోది మళ్ళీ పెట్టు."

పెట్టాను. నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వింది.

"మాటలు తెలియట్లేదు నాయనా. ఆ రోజు ఆసుపత్రి వరండాలో అరిచావు చూడు... అట్లా ఉంది."

టేప్ ఆపాను.

"ఎవరి మీదరా ఇది?"

క్యాసెట్ తీసి డబ్బాలో పెట్టాను. అమ్మ లేచి చీర దులుపుకుంది. మెట్ల దగ్గర ఆగి, ఇటు తిరక్కుండానే— "చెల్లి చదువు ఇంకా అవలేదు." దిగిపోయింది.

సెప్టెంబర్ 5

మస్తాన్ పెళ్ళి బ్యాండుతో ఒంగోలు వైపు వెళ్ళాడు. ప్రాక్టీసు లేదు. గోడౌన్లోకి కొత్త పత్తి వచ్చేస్తుందట, సామాన్లు తీసుకెళ్ళమన్నారు.

సెప్టెంబర్ 12

ఏమీ లేదు. డబ్బాలు.

సెప్టెంబర్ 20

మధ్యాహ్నం నుంచీ వాన. కొట్లో ఎవరూ లేరు. మావయ్య తనే క్యాసెట్ పెట్టాడు. ముందుకి తిప్పాడు, ఆపాడు, మళ్ళీ తిప్పాడు. మూడో పాట. ఈసారి నవ్వలేదు. అయిపోయాక మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాడు.

"నువ్వు లేనప్పుడు కూడా వింటున్నానురా. 'పాడె' అన్న మాట ఒకటి దొరికింది. మిగతాది దొరకట్లేదు. అందులో ఏమంటన్నావు?"

"ఏం లేదు మావయ్యా, ఉత్త అరుపులు."

"ఉత్త అరుపులైతే మీ అమ్మ ఆ రోజు నుంచీ నా మొహం ఎందుకు చూడట్లేదు?"

లేచి డబ్బాలు సర్దబోయాను. ఇంతలో గోనెపట్టా కప్పుకుని ఒకాయన వచ్చాడు, పురుగు పట్టిన కాయ పట్టుకుని. "దీనికేం మందండీ?" మావయ్య ఆ కాయ తీసుకుని చాలాసేపు చూశాడు. మందు పేరు చెప్పలేదు. "రేపు రావయ్యా" అని పంపేశాడు. ఆయన అలా పంపడం నేనెప్పుడూ చూడలేదు.

నావైపు తిరక్కుండా అన్నాడు— "ఇంటికెళ్ళాక చెప్పు. అరవకుండా చెప్పు."

ఇప్పుడు మేడ మీద ఉన్నాను. తలుపేసుకుని, మామూలు గొంతుతో, మామూలుగా మాట్లాడుతున్నట్టు ఆ పల్లవి అని చూశాను. 'పురుగు బతికింది' దాకా వచ్చింది. ఆ తర్వాతి మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటికొచ్చాను.

కింద నుంచి అమ్మ కేక— "అన్నానికి రారా. మీ మావయ్య నీకోసం ఆగాడు."