నా బదులు నువ్వే నొక్కు

శైలజా,

ఫోను టీవీ పక్కన పెట్టిన, కంపెనీ గేటు లోపలికి ఎట్లాగూ తేనియ్యరు. నాలుగింటికి గా టెన్షన్ తగ్గించే ఆన్‌లైన్ క్లాసొస్తది. ఎప్పటిలెక్కనే నా బదులు నువ్వే జవాబులు నొక్కు, లేకుంటే సూపర్‌వైజర్ నా మీద పడ్తడు. నిద్ర మంచిగ పడుతుందా అంటే, పడుతుందనే నొక్కు.

పోయిన వారం "మీ బాధ ఎవరితో చెప్పుకుంటారు" అని అడిగితే "భార్యతో" అని నొక్కినవు. అది చూసి ముందుగాల కోపమొచ్చింది, తర్వాత సిగ్గనిపించింది. నాతోని పనిచేసే వెంకటనర్సు నౌకరి ఇడిసి వాళ్లూరు కోస్గి పోయిండని నీకు చెప్పిన గదా. పోలే. చాయ్ తాగొస్త, జర నా జాగాల నిలబడుమని నేనే అడిగిన. మళ్లొచ్చేసరికి మందులు ఉడికే రియాక్టర్ కాడ కాలిపోయి సచ్చి ఉన్నడు.

కూర గిన్నెల ఉంది, తిను.

ఇంకోటి. గా ప్రశ్న మళ్ల వస్తే "భార్యతో" అనే నొక్కు. ఇప్పుడది అబద్ధం గాదు.