చప్పుడు చెయ్యని నేల

నా ఇంటి యజమానురాలికి,

నీ ఆయన రాస్తున్నాడు. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం. అందరం అంటే నేనూ, నీ పూలకుండీలు ఏడూ, మెట్ల కింద పిల్లి పెట్టిన మూడు కూనలూ. కుండీలకి రోజూ నీళ్ళు పోస్తున్నాను. ఒకదానికి ఎక్కువ పోశానేమో, కాస్త తల వేలాడేసింది, మళ్ళీ లేస్తుందిలే. మీ వదిన కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచిందని రాశావు, చాలా సంతోషం. తుంటి ఎముక విరిగిన మనిషి రెండు నెలల్లో లేచి నడవడమంటే మాటలు కాదు. అందులో ఆవిడ పట్టుదల ఎంతో, నీ పోరు ఎంతో నాకు తెలియనిది కాదు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. మొదటిది "ఏమండీ, దగ్గు తగ్గిందా, డాక్టరుకి చూపించుకున్నారా" అని. దానికి జవాబు చివర్లో రాస్తాను, అలగకు. మిగతావి చెప్తాను. వేళకి తింటున్నాను. వండేది నేనే కాబట్టి రుచి సంగతి అడగకు. వంటింటి గోడకి సున్నం వేశాను, కిటికీ రెక్క బిగించాను. ఇక నాలుగోది, "హాల్లో రాయి ఏ రంగుది వేశారు" అన్నది. కూర్చుని చదువుతున్నావా? నిలబడి ఉంటే కూర్చో. హాల్లో రాయి వెయ్యలేదు.

నీకు కోపం రావడం న్యాయమే. మన పెళ్ళయిన ఈ ఇరవయ్యారేళ్ళుగా అందరిళ్ళలో మొహం కనబడేలా నేలలు పరిచాను. మన ఇంట్లో మాత్రం పెచ్చులూడిన సిమెంటు, దాని మీద అంచులు లేచిన ప్లాస్టిక్ షీటు. "బండల మేస్త్రి పెళ్ళాన్ని అని చెప్పుకోడానికి సిగ్గేస్తోంది" అని నువ్వన్న ప్రతిసారీ పళ్ళికిలించి ఊరుకున్నాను. నువ్వు తిరిగొచ్చేసరికి నల్లరాయి వేసి అద్దంలా మెరిపిస్తానని మాటిచ్చి మరీ నిన్ను బస్సెక్కించాను. ఆ మాట తప్పాను. ఏం వేశానో ముందు విను, తిట్టడానికి తర్వాత బోలెడు టైముంది.

పోయిన నెలలో ఒక పని మీద బజారుకెళ్ళాను. ఆ పనయ్యాక ఇంటికి రాబుద్ధి కాలేదు. ఊరికే నడుస్తుంటే ఒక కొట్టు కనిపించింది. పైన "భూమికి కీడు చెయ్యని నేలలు" అని బోర్డు. నాకు ఒళ్ళు మండింది. అంటే ఇన్నాళ్ళూ నేను వేసినవన్నీ కీడు చేశాయనా? నిజం చెప్పాలంటే గొడవ పెట్టుకుందామనే లోపలికెళ్ళాను.

కొట్టావిడ మన వయసు మనిషే. నా చేతులు చూసి, "మీరు మేస్త్రిగారు కదూ" అంది. ఇక గొడవేం పెట్టుకుంటాను! ఒక్కొక్కటీ చేతికిచ్చి చూపించింది. వెదురు పలకలు, అయిదారేళ్ళలో పెరిగిన వెదురువట, కోసిన మోడులోంచే మళ్ళీ మొలుస్తాయట. అవిసె నూనెలో రంపపు పొట్టు కలిపి గోనెపట్టా మీద ఒత్తిన చాప ఒకటి, ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె గానుగ వాసన. ఎక్కడో కూల్చేసిన బడి దూలాలు చెక్కి చేసిన పలకలు ఇంకొన్ని, మేకులు దిగిన చిల్లులు వాటికి అలాగే ఉన్నాయి. ఎంతమంది పిల్లల ఎక్కాలు విన్నాయో అవి అనుకున్నాను.

చివరికి ఒక గోధుమరంగు పలక చేతిలో పెట్టింది. బరువే లేదు. చేతిలో ఏమైనా పెట్టిందా లేదా అని చూసుకోవాల్సి వచ్చింది.

"ఇదేం చెక్కమ్మా?" అన్నాను.

"చెక్క కాదండీ, బెరడు. సీసాలకి బిరడా పెడతారు చూడండి, ఆ బెండే."

"చెట్టుని కొట్టేసి బెరడు తీస్తే భూమికి కీడు కాదూ మరి?" అని దొరికిందే సందుగా అడిగాను.

"కొట్టరండీ. నిలబడున్న చెట్టుకే చుట్టూ ఒలుస్తారు. చెట్టు చావదు. తొమ్మిదేళ్ళు ఆగితే మళ్ళీ అంత మందం కడుతుంది. మళ్ళీ ఒలుస్తారు. అలా నూట యాభై ఏళ్ళు పైనే బతుకుతుంది."

ముక్కున వేలేసుకున్నాను. నేను రాయి తీసే కొండల్ని చూసినవాణ్ణి. తీసిన చోట గొయ్యి పడితే అది గొయ్యే, నా చిన్నప్పటి గోతులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఒంటి మీద చర్మం ఒలిచేస్తే మళ్ళీ తొడుక్కునే ప్రాణి ఒకటి లోకంలో ఉందని ఇంత వయసొచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ కొట్టులో ఒక మూల ఆ పలకలే పరిచి ఉన్నాయి. చెప్పులు విడిచి నిలబడ్డాను. అలవాటు కొద్దీ మోకాళ్ళ మీద కూర్చున్నాను. రాయి మీద మోకాలు పెడితే ఎముకలోకి చలి దిగుతుంది, అది నాకు ముప్ఫై ఏళ్ళ పరిచయం. ఇక్కడ చలి లేదు, నొప్పి లేదు. పిల్లాడిలా వేలితో నొక్కాను. లోపలికి వెళ్ళి, వేలు తియ్యగానే పైకొచ్చింది. కొట్టావిడ చూస్తోందన్న సంగతి కూడా మర్చిపోయాను.

హాలుకి సరిపడా తెచ్చేశాను. "అట్టపెట్టెలు విప్పి రెండు మూడు రోజులు ఆ గదిలోనే ఉంచండి, గది గాలికి అలవాటు పడాలి" అని ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. ముప్ఫై ఏళ్ళ మేస్త్రికి నేల సంగతి ఒకరు చెప్పాలా? టైల్స్ అన్నాక ముందు రోజు నానబెట్టాలి, లేకపోతే సిమెంటులో తడంతా పీల్చేసి తర్వాత ఊడొస్తాయి. అంచేత పన్నెండు పలకలు తీసి పెరట్లో డ్రమ్ములో పడేశాను. పైకి తేలాయి. తొక్కిపెట్టాను, మళ్ళీ తేలాయి. వాటికి నా సంగతి తెలియదు కదా. పైన నాలుగు ఇటుకలు పెట్టి వచ్చి పడుకున్నాను.

పొద్దున చూస్తే పన్నెండూ పన్నెండు రకాలుగా వంకర తిరిగి ఉన్నాయి. ఒకటి పట్టుకుని తలొంచుకుని కొట్టుకెళ్ళాను.

"నానబెట్టారా!" అని కొట్టావిడ కళ్ళజోడు తీసేసింది. "బిరడా నీళ్ళల్లో మునగడం ఎక్కడైనా చూశారా మేస్త్రిగారూ?"

"అందుకేనమ్మా, ఇటుకలు పెట్టాను" అన్నాను.

ఆవిడ నవ్వీ నవ్వీ బల్ల పట్టుకుని కూర్చుండిపోయింది. పన్నెండు పలకలు మళ్ళీ ఇచ్చింది. ఈసారి బుద్ధిగా పెట్టెలు విప్పి, హాల్లో పరిచి, మూడు రోజులు ఊరుకున్నాను. పనిముట్టు ముట్టుకోకుండా పనయ్యేదాకా కాచుక్కూర్చోవడం నా జన్మలో అదే మొదలు.

ఇక పరిచిన రోజు సంగతి రాయాలి. రాయడం వస్తుందో రాదో. ప్లాస్టిక్ షీటు పీకేసి, నేల చదును చేసి, వాసన లేని జిగురు రాసి పలకలు వరసగా పెట్టుకుంటూ వచ్చాను. గోడ దగ్గర ముక్క కావాల్సి వచ్చింది. అలవాటుగా చెయ్యి రాయి కోసే మిషను కోసం వెనక్కి వెళ్ళింది. మిషను అక్కర్లేదు. గీత గీసి, కత్తితో నెమ్మదిగా లాగాను. తెగింది. చప్పుడు లేదు, పొడి లేదు. బయట పిట్టల అరుపులు వినిపించాయి. నేను పని చేస్తుండగా మన వీధిలో పిట్టలు అరుస్తాయని నాకు ఇప్పటిదాకా తెలియదు. పక్కింటి దర్జీ గుమ్మంలోకొచ్చి, "ఏం మేస్త్రీ, ఒంట్లో బాలేదా, పని ఆపేశావు?" అన్నాడు. అప్పటికి సగం హాలు అయిపోయింది. లోపలికొచ్చి చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని, గుడిలోకి వచ్చినవాడిలా గుసగుసగా మాట్లాడాడు. సాయంత్రం చీపురు పడితే గుప్పెడు బెండు ముక్కలు వచ్చాయి, అంతే. అద్దంలో చూసుకుంటే కనుబొమలు నల్లగానే ఉన్నాయి. పనయ్యాక నా మొహం నేను గుర్తుపట్టడం ఆ రోజే మొదలు.

మొహం కనబడేలా మెరవదు ఈ నేల, ఆ మాట ముందే చెప్తున్నాను. కానీ ఎండ కిటికీలోంచి పడితే తేనె రంగులో వెచ్చగా ఉంటుంది. పిల్లికూనలు వచ్చి మధ్యలో పడుకుంటున్నాయి. వాటిని తరమడం నా వల్ల కావడం లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. దగ్గు తగ్గలేదు. డాక్టరుకి చూపించుకున్నాను. బజారులో పని అని రాశానే, అదే ఆ పని. ఆ కొట్టు పెద్దాసుపత్రి ఎదురు వీధిలో ఉంది. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి డాక్టరుగారు నా ఊపిరితిత్తుల్ని చూపించారు. నిండా తెల్ల చుక్కలు. రాతి పొడి అట. మిషను కింద రాయి కోసిన ప్రతి రోజూ కొంచెం కొంచెం లోపలికెళ్ళి అక్కడే ఉండిపోయిందట. "ఇక రాయి కొయ్యకూడదు. లోపలున్నది బయటికి రాదు, పోయినది మళ్ళీ రాదు" అన్నారు. కొట్టులో ఆ చెట్టు సంగతి వింటున్నప్పుడు నాకు ఆశ్చర్యమే కాదు, అసూయ కూడా వేసింది, ఎందుకో ఇప్పుడు నీకు తెలుస్తుంది. పని గురించి బెంగపడకు. ఆ కొట్టావిడ, తన దగ్గర కొన్నవాళ్ళ ఇళ్ళలో నేలలు వెయ్యడానికి రమ్మంది, మొన్న ఒక ఇల్లు చేసి వచ్చాను.

నేను దాచింది ఇది కాదు. ఇదే అయితే పోయిన ఉత్తరంలోనే రాసేవాణ్ణి.

బయల్దేరబోతుంటే డాక్టరుగారు మామూలుగా అడిగారు, "మీ పనిబట్టలు ఎవరు ఉతుకుతారు?" అని. "మా ఆవిడండీ" అన్నాను. "ముందు దులుపుతారా?" అన్నారు. "దులపకపోతే ఎలాగండీ, పెరట్లో రోజూ దులిపి, కర్రతో కొట్టి, అప్పుడు తడుపుతుంది" అని గొప్పగానే చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశారు. "ఎన్నేళ్ళుగా?" అన్నారు. ఇరవయ్యారు అన్నాను.

నాకెన్నాళ్ళు అని నేను అడగలేదు. నీ సంగతి అడిగాను. "ఆవిడని చూడకుండా ఏం చెప్పను, తీసుకురండి" అన్నారు. అప్పటినుంచీ పెరట్లోకి వెళ్తే నువ్వు ఆ తీగ దగ్గర నిలబడి నా చొక్కా దులుపుతున్నట్టే ఉంటోంది. ఆ తెల్లటి పొడి నీ మొహం మీద పడుతుంటే నేను అరుగు మీద కూర్చుని టీ తాగాను. ఒక్కరోజు కూడా నాకు తోచలేదు. నాకు భయంగా ఉంది. నీ దగ్గర దాచుకోవడం చేతకాక రాస్తున్నాను.

మీ వదినకి తోడు మనిషిని చూడమని మీ అన్నయ్యకి విడిగా ఉత్తరం వేశాను. నువ్వు ఈ ఉత్తరం అందగానే బయల్దేరు. వచ్చే గురువారానికి ఆసుపత్రిలో మనిద్దరి పేర్లూ రాయించాను. నీ పేరు ముందు రాయమన్నాను.

ఇట్లు,
ఇక మీదట తన బట్టలు తనే తడిపి ఉతుక్కునే
నీ ఆయన