తర్రెం అవతల గీత లేని మ్యాపు

మద్దేడ్ గ్రామవాసి, రైతు, తోకల రామనర్సయ్య అనే నేను ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాయించిన వీలునామా ఇది. మోకాళ్లు మాట వినడం లేదు, చూపు మందగించింది. బుద్ధి మాత్రం సరిగానే ఉందని డాక్టరుగారు పరీక్షించి చెప్పారు. నా తదనంతరం దీన్ని అమలు చేయవలసినది నా కూతురు ప్రశాంతి.

1. పొలం, ఇల్లు నా కొడుకు నాగార్జునకు, కూతురు ప్రశాంతికి సమాన హక్కులతో చెందగలవు. గట్ల దగ్గర తగాదా పడకండి. తీర్పులు చెప్పే ఓపిక నాకు బతికుండగానే లేదు.

2. జీపు నాగార్జునకు చెందగలదు. దానికి బిగించిన ఫోను స్టాండు కూడా నీదే. అందులో పెట్టిన ఫోను మలుపు మలుపుకీ హిందీలో ఆజ్ఞలిస్తుంటే విసుగొచ్చేది, ఇప్పుడు విసుక్కునే శక్తి కూడా పోయింది. నువ్వు మంచికే పెట్టావు. కానీ ఆ రోజే ముందు సీటు ఖాళీ అయింది.

3. ఇత్తడి చెంబు ప్రశాంతికి. ఏటా పంట ఇంటికొచ్చాక నేనూ, ఉంగ అనే నా స్నేహితుడూ నేల మీద మ్యాపు పరిచి జీపు ప్రయాణం ఆలోచించేవాళ్లం. ఒక మూల ఈ చెంబు, ఒక మూల స్పానరు, ఒక మూల ఉంగ మోకాలు. నాలుగో మూల మీద నువ్వు కూర్చునేదానివి. ఎంత గాలి వీచినా నీ మూల లేవలేదమ్మా.

4. జగదల్‌పూర్ బస్టాండు దగ్గర కొన్న ఆ రోడ్డు మ్యాపు ఉంగకు చెందవలెను. మడతల దగ్గర చిరిగి టేపు మీద బతుకుతోంది. ప్రతి ఊరి పేరు కిందా అక్కడ అంగడి, అంటే సంత, జరిగే వారం పెన్సిలుతో రాసి ఉంటుంది. మేము దూరం చూసుకుని కాదు, అంగడి చూసుకుని బయల్దేరేవాళ్లం. అంగడి నాటికి చేరితే అవతలి ఊళ్లవాళ్లు కలుస్తారు, ముందున్న వాగు తగ్గిందో లేదో వాళ్లే చెబుతారు. ఏ అంగడి ముందు అని రోజుల తరబడి వాదించుకునేవాళ్లం. ప్రయాణం కన్నా ఆ వాదనే నాకు ఇష్టం. అడవిలోని తర్రెం ఊరి అవతల మ్యాపులో గీతే లేదు. అక్కడ ఉంగ ఒక ప్రశ్నార్థకం గీశాడు. తుపాకుల భయంతో ఏ ఏడూ అటు పోయే పరిస్థితి లేకపోయింది. ఇప్పుడు రోడ్డు వేశారంటున్నారు, పోవడానికి మేమిద్దరం కలిసి లేము.

ఫోను పెట్టిన రోజు, ఎప్పుడూ ముందు సీట్లో కూర్చుని దారి చెప్పే ఉంగ, "ఆ డబ్బా దారి చెప్తాంటె నేనేంది, సామాన్ల మూటనా?" అని జీపు దిగి నడిచిపోయాడు. మళ్లీ ఎక్కలేదు. దిగినవాడే రావాలని నేనూ పిలవలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఖాళీ సీటు చూస్తే ఏడుపూ వస్తుంది.

సవరణ: పై నాలుగో అంశం రద్దు చేయడమైనది. కారణం ఇది. సాక్షి సంతకానికి ప్రశాంతి నాకు చెప్పకుండా ఉంగనే పిలుచుకొచ్చింది. ఆ అంశం చదివి వినిపించింది. సాక్షిగా ఉన్నవాడు వాటా తీసుకోకపోవడం మంచిదని, రెంటిలో ఒకటి ఎంచుకోమని వకీలుగారు అన్నారు. ఉంగ మ్యాపులో తను గీసిన ప్రశ్నార్థకం మీద వేలు పెట్టాడు. "నువ్ సచ్చినంక ఈ కాయితం నేనేం జేసుకోను నర్సయ్యా? సంతకమే పెడ్త. తర్రెం అంగడి ఏ వారమో కనుక్కో, పోదాం" అన్నాడు.

కాబట్టి మ్యాపును ఎవరికీ రాయడం లేదు. అది ఇంకా వాడకంలో ఉంది. నాగార్జునా, మేము తిరిగొచ్చేదాకా జీపు నీది కాదు. ఆ స్టాండు తీసేసి, ముందు సీటు తుడిపించు.

మద్దేడ్, 2025 నవంబరు 9.

(సంతకం) తోకల రామనర్సయ్య

సాక్షులు:
1. ఉంగ, రైతు
2. వీరేందర్, కిరాణా దుకాణం