సుకుమార్‌కు చేసిన పెట్టె

చర్ల, 12-8-2006

అంతోనమ్మక్కకు జస్టిన్ వందనాలు. వరద మా ఇంటిదాకా రాలేదు, భయపడకు.

మా పక్కింటి సుకుమార్ టీచర్ మొన్న మలేరియాతో చనిపోయాడు. వాగు పొంగి బస్సులు ఆగిపోవడంతో భద్రాచలం తీసుకుపోలేకపోయాం. శవపెట్టె తెప్పించడానికీ దారి లేదు. సెలవుల్లో సరదాకి పీటలూ స్టూళ్ళూ చేసుకునే నన్నే ఆయన భార్య ఫ్లోరెన్స్ అడిగింది. "నీ దగ్గర రంపం, చిత్రిక ఉన్నయి గద అన్నా, నువ్వే చెయ్యి" అంది.

బీరువా కోసం దాచిన చెక్కలతో ఒక్క పూటలో బిగించాను. ఆయన్ను కొలవడానికి చేతులు రాక అందాజుగా కోశాను. తీరా పడుకోబెడితే బెత్తెడు తక్కువైంది. మోకాళ్ళు కాస్త మడుద్దామని ఎవరో అన్నారు. "మడవకు అన్నా, గట్ల ముడుచుకుంటే ఆయనకు నిద్ర పట్టది" అంది ఫ్లోరెన్స్. మేకులు పీకి, కాళ్ళవైపు చెక్కలు అతికి పెంచాను. అంతసేపూ ఆమె ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇక్కడ ఫ్లోరెన్స్‌కు మేం తప్ప ఎవరూ లేరు, దారి తెరవగానే తన పాపతో మధిర, మీ ఇంటికి వస్తుంది. ముందుగది ఖాళీ చేసి ఉంచు. బావకు కాళ్ళ వాపు తగ్గిందా? మీ అమ్మాయి దీవెన అడిగిన స్టూలు ఇప్పట్లో చేయలేనని చెప్పు.

ఫ్లోరెన్స్ దగ్గర పెట్టె సంగతి ఎత్తకు. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

ప్రభువు మీ అందరికీ తోడుండాలి.

నీ తమ్ముడు
జస్టిన్