వైవాలో మొదటి ప్రశ్న

యాదగిరీ,

నువ్వు పోయి రెండేళ్లు. మన నల్గొండ కాలేజీలో ఇప్పుడు ఇంటి దగ్గర రాసుకొచ్చే అసైన్‌మెంట్లకు మార్కుల్లేవు. పిల్లలంతా ఏఐతో రాయించి తెస్తున్నారు. అందులో తప్పులుండవు, వాళ్లూ ఉండరు. అందుకే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో చెప్పిస్తున్నాం. అప్పట్లో నువ్వు వైవా పెడదామంటే టైం వేస్టని మీటింగులో అడ్డుపడింది నేనే.

ఇవాళ ఒక మక్తల్ అమ్మాయి వచ్చింది. భూగర్భజలాల మీద ఆమె తెచ్చిన వ్యాసం అచ్చు పుస్తకంలా ఉంది. అందులోంచే అడిగితే కాగితాలు తిరగేయసాగింది. చివరికి నీ ప్రశ్నే అడిగాను. నువ్వు మన గదికొచ్చిన పిల్లలందర్నీ, రోజూ నన్నూ అడిగిన ప్రశ్న.

"తిన్నవా, బిడ్డా?"

"లే సార్. వైవా అంటే బుగులైతాంది."

నా డబ్బాలో ఉన్న ఒక్క జొన్నరొట్టె తీసిచ్చాను. సగం తిన్నాక తనే మొదలుపెట్టింది.

"మా నాయిన మూడు బోర్లు ఏసిండు సార్. మూడోదాంట్ల దుమ్మే లేసింది."

ఇక ఆగలేదు. వ్యాసంలో లేనివెన్నో చెప్పింది. మార్కులు నిండుగా వేశాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మరి మీరు తిన్నరా సార్?" అంది.

నువ్వు పోయాక ఈ గదిలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. తిన్నానని అబద్ధం చెప్పాను.