పేపర్లో పేరు, మిల్లులో కాలు

జనగామ,
ఆదివారం పొద్దున.

బాపుకు కొడుకు యాకయ్య దండం పెట్టి రాసేది. నువ్వు, అవ్వ, చెల్లె సరోజ, కొత్తగా ఈనిన బర్రె అందరూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను బాగున్నాను. అంటే ఎడమ కాలు తప్ప తక్కినదంతా బాగుంది. సరోజా, అవ్వ ఏడుపు మొదలుపెడితే నీళ్ళిచ్చి మళ్ళీ చదువు.

ఫోన్లో చెబితే సగం వినకముందే తిడతావని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరమైతే చివరిదాకా విని ఒకేసారి తిట్టవచ్చు.

పోయిన మంగళవారం మిల్లులో పత్తి బేలు జారి నా కాలి మీద పడింది. ఎముక విరిగింది. దవాఖానలో పిండికట్టు వేశారు. నొప్పి తగ్గింది, నిజంగానే తగ్గింది. గదిలో నాతో ఉండే రాజమల్లు వండి పెడుతున్నాడు. వాడి పచ్చిపులుసు తాగితే కాలు సంగతి మరిచిపోతాను, కడుపు సంగతి గుర్తొస్తుంది. పొద్దున చలిగా ఉంటోంది. మంచం మీద ఒక్కణ్ణే పడుకుంటే మీరంతా మనసులో మెదులుతారు.

గురువారం మిల్లు గుమాస్తా డజను అరటిపండ్లతో వచ్చాడు. మాట్లాడుతూ నాలుగు తానే తిన్నాడు. తర్వాత ఒక తెల్ల కాగితం తీశాడు.

"ఏం లేదు యాకయ్యా, జర గీడ సంతకం పెట్టు. కడమది నేను రాసుకుంట."

"రాసినంక పెడ్త సారూ" అన్నాను.

అంతే, మొఖం మారింది. జేబులోంచి బుధవారం పేపరు తీశాడు. "మంగళవారం నువ్వు దీక్ష టెంటుల కూసున్నవని పేపర్ల పేరు వడ్డది. గాడ కూసున్నోని కాలు మా మిల్లుల ఎట్ల ఇరిగింది?"

బాపూ, నువ్వు గంజితో గోడకు అంటించిన పేపరు అదే. నిజం చెబుతున్నాను, ఆ రోజు నేను టెంటులో లేను. మిల్లు సెలవివ్వలేదు. తెలంగాణ కోసం రోజుకు అయిదుగురు కూర్చోవాలి, ఒకడు తక్కువయ్యాడు. అక్కడే కూర్చున్న రాజమల్లు దోస్తానాకొద్దీ నా పేరు రాయించాడు. రాత్రి వాడు చెబితే వద్దనలేదు, పైగా మురిసిపోయాను. మరునాడు నువ్వు ఫోన్ చేసి, "ఊరంత జూపిచ్చిన బిడ్డా! ఫోటోల మాత్రం నువ్వు కనబడ్తలేవు, ఎనుక దాక్కున్నవారా?" అన్నావు. నీ సంబరం వింటుంటే కాలు సంగతి నోట్లోనే ఆగిపోయింది. క్షమించు.

గుమాస్తా వెళ్ళాక నాకు భయమేసింది. మిల్లులో దెబ్బ తగిలిందని తేలితేనే వైద్యం, పరిహారం చట్టప్రకారం వస్తాయి. తేలకపోతే నేను దారిన పోతూ పడ్డవాణ్ణే. కాలు సరిగా అతకకపోతే మళ్ళీ బేళ్ళు ఎత్తలేను.

రాజమల్లు నన్ను ఆటోలో వేసుకుని వకీళ్ళ దగ్గరికి తీసుకుపోయాడు. వాళ్ళూ కోర్టు మానేసి వేరే టెంటులో కూర్చున్నారు. నల్లకోటు వేసుకున్న ఒక అక్క అంతా విని నవ్వలేక నవ్వింది.

"దవాఖానల ఏం జెప్పినవ్?"

"బేలు వడ్డదని చెప్పినక్కా. చీటీల రాసిండ్రు."

"ఆ చీటీ పానం లెక్క దాచుకో. ఖాళీ కాయితం మీద సంతకం పెట్టకు. నిన్ను మోసుకొచ్చినోళ్ళతోని సాక్ష్యం రాయిద్దాం. ముందుగాల పోయి, దీక్షల కూసోలేదని అందరి ముందట ఒప్పుకో."

బేలు మీద పడ్డప్పుడు కూడా అంత చెమట పట్టలేదు. నిన్న దీక్ష టెంటు ముందు ఒంటికాలి మీద నిలబడి చెప్పాను. ఒక పెద్దమనిషి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఉద్యమమంటే ఉత్తగ పేరు రాసుకునుడా?" అన్నాడు. రాజమల్లు తల దించుకుని, "తప్పు నాది. గా దినం ఫోటో దిగినప్పుడు కూడా నలుగురమే ఉన్నం" అన్నాడు.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది బాపూ. పేర్లలో అయిదుగురం, ఫోటోలో నలుగురు! వకీలక్కకు చెబితే, "ఆ పేపరే తీసుకరా, గుమాస్తా నోరు మూతవడ్తది" అంది. టెంటులో ఉన్న పేపరేమో రోడ్డు మీద వంటావార్పు నాడు పొయ్యి రాజేయడానికి పోయిందట. గుమాస్తా తనది ఇవ్వడు, ఇంకెక్కడా దొరకలేదు.

కాబట్టి గోడ మీది పేపరు పంపాలి. నీకు ఎంత కష్టమో తెలుసు. గీకవద్దు, తడిగుడ్డ అద్ది సరోజను మెల్లగా తీయమను. చిరిగితే నా కేసు చిరిగినట్టే. చూడవచ్చిన వాళ్ళకు నిజమే చెప్పు, నవ్వితే నవ్వనీ.

అవ్వకు దండాలు, పెద్దనాయినను, పెద్దమ్మను అడిగానని చెప్పు. అవ్వ పంపే కారప్పొడి మరిచిపోవద్దు. మీ దీవెన ఉంటే తొందరగా నడుస్తాను.

ఇంకొక్క మాట. గోడ మీది ఆ జాగాలో క్యాలెండరు తగిలించకు. వచ్చే శుక్రవారం దీక్షకు నా పేరు నేనే రాసుకున్నాను. కట్టు కట్టిన కాలు ముందుకు చాపి కూర్చుంటాను. ఈసారి ఫోటోలో నన్ను వెతుక్కోవలసిన పని ఉండదు.

నీ కొడుకు,
యాకయ్య